పిల్లల బుద్ధిని తూచే కాటాకు సీలు ఎవరు వేస్తారు?

(సొసైటీ వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ సాబ్ నన్ను పిలిచి "తాలీమ్ మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద ఎవరో ఒకరు తాలీమ్ మీద మాట్లాడుతూనే ఉన్నారు. పిల్లలను చదివించండి అని మేము చెప్తాము, మీరు చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తారు. ఈసారి అలా కాకుండా ఒకే ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. నేను ఉర్దూ మీడియం మాస్టరును, నా తెలుగులో తప్పులుంటే మన్నించాలి. సావనీరులో అచ్చయ్యే మాట కాబట్టి, నేటి మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రాదు కాబట్టి, తెలుగులోనే రాసుకుని వచ్చాను.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రితం నేను పనిచేస్తున్న బడికి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, చేతిలో తోలు బ్యాగు, బ్యాగులో రంగు రంగుల చెక్క ముక్కలు, బొమ్మల కార్డులు. తాను సైకాలజిస్టునని, చదువులో వెనుకబడిన పిల్లలను పరీక్షించి కారణం చెప్తానని అన్నాడు. లెటర్ హెడ్ మీద పేరు కింద రెండు వరుసల అక్షరాలున్నవి. అవి ఏ డిగ్రీలో, ఏ సంస్థ ఇచ్చినవో ఎవరమూ అడగలేదు. తలకు 200 రూపాయలు. నన్ను మొద్దు పిల్లల పేర్లు రాసివ్వమన్నారు. పదకొండు పేర్లు నేనే, నా చేత్తోనే రాసిచ్చాను.

ఒక్కొక్కరిని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. ప్రశ్నలు పుస్తకాల హిందీలో, మధ్య మధ్య ఇంగ్లీషులో. మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు. ఆ హిందీ మాటలు సగం నాకే కొత్త. వారం తరువాత టైపు చేసిన కాగితాలు వచ్చినవి. అందులో అయిదో తరగతి పిల్లవాడు ఒకడికి ఐ.క్యూ. 62 అని, మందబుద్ధి అని, మామూలు బడి దండగ అని రాసి ఉంది.

వాడి తండ్రి ఒకప్పుడు షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో సీజను పనివాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక బస్టాండు దగ్గర తోపుడుబండి మీద పండ్లు అమ్ముకుంటున్నాడు. కాగితం చేతికిచ్చి చదివి వినిపించింది కూడా నేనే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాస్టర్ సాబ్, ఫిర్ పఢాకే క్యా ఫాయిదా?" అన్నాడు. ఇక చదివించి ఏం లాభం అని. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ నెలలోనే పిల్లవాడిని బడి మాన్పించి ఒక మోటారు సైకిలు షెడ్డులో పెట్టాడు.

షెడ్డు ఉస్తాద్ చదువుకున్నవాడు కాదు. మూడు నెలలు గడిచాక తండ్రిని పిలిచి ఏమన్నాడో వినండి. "భాయ్, నీ కొడుకు తెలివి తక్కువవాడు కాదు. కార్బొరేటర్ ఒకసారి విప్పి చూపిస్తే రెండోసారి వాడే బిగిస్తున్నాడు. కాని వెనకనుంచి స్పానా అడిగితే పలకడు, ఎదుటికి వచ్చి అడిగితే ఇస్తాడు. వీడికి చెవుల సంగతి చూపించు." నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోతే తేలింది, చిన్నప్పటి చీము కారడం వల్ల రెండు చెవులూ బాగా దెబ్బతిన్నవని. అయిదేళ్ళు నా ఎదుట కూర్చున్న పిల్లవాడు నా మాట సగమే విన్నాడు. నేను కనిపెట్టలేదు. ఇరవై నిమిషాలు చూసిన ఆ పెద్దమనిషి కూడా కనిపెట్టలేదు. కాని నేను కాగితం మీద ఏమీ రాయలేదు. ఆయన రాశాడు, నేను దాన్ని నమ్మాను.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. పిల్లవాడి బుద్ధిని కొలిచి పేరు పెట్టడానికి ఈ దేశంలో ఎవరికి అధికారం ఉంది? దానికి లైసెన్సు ఏదైనా ఉందా?

మన బోధన్ వాళ్ళకు లైసెన్సు సంగతి వేరే చెప్పాలా! 1937లో పుట్టి 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నీడలో పెరిగినవాళ్ళం మనం. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాయిలరు దగ్గర నిలబడాలంటే బలం ఉంటే చాలేది కాదు. ప్రభుత్వ పరీక్ష పాసై బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందులో ఫస్టు క్లాసు, సెకండ్ క్లాసు. 1923 నాటి బాయిలర్ల చట్టం చెప్పిన కట్టుబాటు అది. 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఆవిరి గుండం పేలితే మనుషులు పోతారు కాబట్టి ఆ జాగ్రత్త. అట్లాగే చెరుకు బండ్లు తూచే కాటా. తూనికలు కొలతల శాఖవారు వచ్చి పరీక్షించి సీలు వేయనిదే ఆ కాటాకు చెల్లుబాటు లేదు. క్వింటాలుకు రెండు కిలోలు తక్కువ చూపిందంటే మన రైతులు రోడ్డెక్కేవారు. చెరుకు తూచేవాడిని ఇంత నిలదీసిన మనం బిడ్డను తూచేవాడిని ఏ సీలూ అడగలేదు.

ఇక చట్టం సంగతి. నేను వకీలును కాను, చదివి తెలుసుకున్నంత చెప్తున్నాను. మన దేశంలో వికలాంగులకు సేవ చేసే నిపుణుల కోసం 1992లో ఒక చట్టం చేశారు. దాని కింద భారత పునరావాస మండలి, ఆర్.సి.ఐ. అంటారు, ఒక జాతీయ రిజిస్టరు నడుపుతుంది. క్లినికల్ సైకాలజిస్టు, రిహాబిలిటేషన్ సైకాలజిస్టు, ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే స్పెషల్ టీచరు, మాట, వినికిడి చూసే నిపుణుడు, వీరంతా ఆ రిజిస్టరులో పేరు ఎక్కించుకోవాలి. ప్రతివారికీ ఒక నంబరు ఇస్తారు. పేరు ఎక్కకుండా ఆ పని చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలు! అయిదుగురు పిల్లల పరీక్ష ఫీజు.

క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఇన్నాళ్ళూ ఉన్న దారి, సైకాలజీలో ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ చేసి, దాని మీద మండలి గుర్తించిన సంస్థలో, రోగుల మధ్య, పెద్దల పర్యవేక్షణలో రెండేళ్ళ ఎం.ఫిల్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఇంచుమించు ఇదే నిర్వచనం ఇచ్చింది. ఇప్పుడు ఆ కోర్సుల పేర్లు మారుతున్నవి, అది వేరే కథ.

కాని బడి సైకాలజిస్టు? స్కూల్ సైకాలజిస్టు అనే పేరు మండలి జాబితాలో లేదు. స్కూల్ కౌన్సెలరూ లేడు. అంటే ఆసుపత్రిలో కూర్చుంటే ఒక కట్టుబాటు, బడిలోకి అడుగుపెడితే బోర్డు రాయించుకున్నవాడే నిపుణుడు. 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. యాభైకి పైగా వృత్తులను అందులో చేర్చారు. పునరావాస మండలి కిందికి వచ్చే క్లినికల్ సైకాలజిస్టులు మినహా తక్కిన సైకాలజిస్టులను కూడా ఆ షెడ్యూలులో రాశారు. ఆ జాబితాలోనూ బడి అనే మాట విడిగా లేదు. మంచి కాగితం, కాదనను. కాని కాగితం ఢిల్లీ నుంచి బోధన్ బస్సు ఎక్కేసరికి ఎన్నేళ్ళు పడుతుందో మీకు తెలుసు.

మన పెద్దలకు ఈ ఆలోచన ముందే లేకపోలేదు. 1952-53 మొదలియార్ కమిషన్, ఆ తరువాత 1964-66 కొఠారీ కమిషన్ రెండూ బడుల్లో మార్గదర్శకులు ఉండాలని రాసినవే. 1955లో భాటియా గారు అలహాబాదులో చదువు రాని పిల్లలకు సైతం పనికివచ్చేటట్లు చెక్కలతో, బొమ్మలతో భారతీయ పరీక్ష తయారుచేశారు. అసలు బుద్ధి పరీక్షకు ఆద్యుడు ఫ్రాన్సు దేశపు బినె. 1905లో ఆయన ఆ పరీక్ష తయారుచేసింది పారిస్ బడుల్లో ఎవరికి ఎక్కువ సాయం కావాలో కనిపెట్టడానికి. సాయం కోసం పుట్టిన కొలత మా బడిలో పిల్లవాణ్ణి ఇంటికి పంపడానికి పనికివచ్చింది.

మా ఖాలా కూతురు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉంటుంది. మనవాళ్ళు నిజామాబాద్ నుంచి చికాగో వెళ్ళినవారు చాలామందే ఉన్నారు కదా. వాళ్ళ చిన్నవాడు తరగతిలో వెనుకబడితే అక్కడి బడివారు పరీక్ష చేయాలన్నారట. నాకు ఫోను చేసి భయపడింది. నా అనుభవం నాకు ఉంది కాబట్టి, "చేయించొద్దు" అన్నాను. ఆమె నవ్వి, "భాయిజాన్, ఇక్కడ మేము సంతకం పెట్టందే వాళ్ళు పరీక్ష చేయకూడదు" అన్నది. అప్పుడు నేను కూర్చుని అక్కడి పద్ధతి తెలుసుకున్నాను. అక్కడ స్కూల్ సైకాలజిస్టుకు రాష్ట్ర విద్యా బోర్డు లైసెన్సు ఉండాలి. వారి జాతీయ సంఘం 1969లో ఏర్పడింది. ఆ సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం చదువు చివర 1,200 గంటల శిక్షణ, అందులో 600 గంటలకు తక్కువ కాకుండా బడిలోనే. ఇరవై నిమిషాల పెద్దమనిషి జ్ఞాపకం వచ్చాడు నాకు.

కాని నన్ను ఎక్కువ కదిలించింది ఇంకొకటి. అది వాళ్ళకు ఊరికే రాలేదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు అని ఒకటి నడిచింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే మెక్సికన్ కూలీల పిల్లలు తొమ్మిదిమందిని ఇంగ్లీషు ప్రశ్నలతో పరీక్షించి మందబుద్ధి తరగతుల్లో వేశారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అవే పిల్లలను స్పానిష్‌లో తిరిగి పరీక్షిస్తే ఎక్కువమంది ఆ గీతకు పైనే తేలారు. అక్కడినుంచి పిల్లవాడి సొంత భాషలో పరీక్ష చేయాలనే నియమం నాటుకుని, 1975లో జాతీయ చట్టంలోకి ఎక్కింది. సోదరులారా, ఆ తొమ్మిదిమంది తల్లిదండ్రులు పొలాల్లో కూరగాయలు కోసుకునే మనుషులు. మన పండ్ల బండి భాయికన్నా గొప్పవారేమీ కాదు. పుస్తకాల హిందీలో పరీక్ష పెట్టి దక్కనీ పిల్లవాడికి 62 అని రాసిన సంగతికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

మన దగ్గర కూడా కోర్టు దాకా వెళ్ళిన ఒక విషయం ఉంది. అది చెప్పడానికి నోరు రాదు. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకుంటూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. తండ్రి సుప్రీం కోర్టు దాకా పోయాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రం నాథ్, జస్టిస్ సందీప్ మెహతా గార్లు తీర్పు చెప్తూ, దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించి, దేశం మొత్తానికి పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టం వచ్చేవరకు అవే అమలు కావాలన్నారు. వందమంది, ఆ పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను కనీసం ఒక అర్హుడైన కౌన్సెలరు గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కరు గాని ఉండాలి. పిల్లల మానసిక ఆరోగ్యంలో వారికి శిక్షణ ఉన్నట్లు చూపించగలగాలి. వందకు తక్కువ ఉన్న బడులు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఉపాధ్యాయులకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ. హెల్ప్‌లైను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో.

మన తెలంగాణలోనే 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజులు ఎవరూ మరువలేదు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందుకని ఆ తీర్పుకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కాని నా అనుమానం నాకుంది. "అర్హుడైన" అన్నారు. సరే. ఆ అర్హత చూసి సీలు వేసేదెవరు? రేపు మన ప్రతి ప్రయివేటు బడి, ప్రతి కాలేజీ ఒక కౌన్సెలరును వెతుకుతుంది. అంతమంది ఎక్కడున్నారు? మూడు నెలల ఆన్‌లైను సర్టిఫికెట్లు అమ్మే దుకాణాలు ఇప్పుడే తెరుచుకున్నవి. తోలు బ్యాగు పెద్దమనుషులకు మంచి సీజను వస్తున్నది, మన గానుగ సీజను పోయినా.

ఇక్కడ ఒక పెద్దమనిషి నిన్న నాతో వాదించారు, పేరు చెప్పను, ముందు వరుసలోనే ఉన్నారు. "మాస్టర్ సాబ్, లైసెన్సు లైసెన్సు అంటే బోధన్‌కు వచ్చేవాడెవడు? ఎం.బి.బి.ఎస్. డాక్టరు రాని ఊళ్ళను ఆర్.ఎం.పి.లే కదా కాపాడింది? లైసెన్సు పెడితే ఫీజు పెరుగుతుంది, పేదవాడికి ఏదీ దొరకదు." ఈ మాటలో నిజం ఉంది. రాత్రంతా ఆలోచించాను. నాకు తోచిన జవాబు ఇది. ఏడుస్తున్న పిల్లవాడి పక్కన కూర్చుని ధైర్యం చెప్పడానికి ఏ లైసెన్సూ అక్కరలేదు. అది నేను చేయాలి, మీరు చేయాలి, మసీదులో పెద్దలు చేయాలి, షెడ్డు ఉస్తాద్ చేశాడు. కాని పిల్లవాడిని కొలిచి, అంకె వేసి, పేరు పెట్టి, కాగితం మీద సంతకం చేసేవాడికి మాత్రం లైసెన్సు ఉండి తీరాలి. ఆర్.ఎం.పి. జ్వరం గోలీ ఇస్తే ఇచ్చాడు, ఆపరేషన్ కత్తి పట్టనిస్తామా?

అందుచేత చట్టం వచ్చేదాకా మన ఇళ్ళల్లో మనమే కొంత కట్టుబాటు పెట్టుకోవాలని మనవి చేస్తున్నాను. ఎవరైనా మీ బిడ్డను పరీక్షిస్తానంటే ముందు ఆయన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం అమర్యాద కాదు, నిజమైనవాడు సంతోషంగా చూపిస్తాడు. ఆర్.సి.ఐ. నంబరైతే మన పిల్లల చేత ఫోనులోనే వెతికించి చూడవచ్చు. పరీక్ష ఏ భాషలో చేస్తారో అడగండి. ఉర్దూలో, తెలుగులో రాకపోతే ఆగమనండి. బుద్ధి పరీక్షకు ముందు కన్ను, చెవి చూపించారా అని మిమ్మల్ని మీరు అడగండి. ఈ ఒక్క మాట నాకు ఆనాడు తెలిసి ఉంటే! ఇంకొకటి. ప్రయివేటు కాగితం చూసి ఎవరూ బడి మాన్పించవద్దు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే అధికారం మనం సదరం క్యాంపు అని పిలిచే చోట కూర్చునే సర్కారు డాక్టర్లది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా అందులో ఉంది. ఆ ధ్రువపత్రం చేతికి వచ్చినా అది సాయం అందుకోవడానికే, బడి మాన్పించడానికి కాదు. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ బిడ్డనూ బడినుంచి వెళ్ళగొట్టడానికి వీలు లేదు. సర్కారు భవిత కేంద్రాల్లో స్పెషల్ టీచర్లుంటారు, ఖర్చు లేదు. మనసు బాగోలేని పిల్లలకు, పెద్దలకు కూడా, 14416 టెలి మానస్ నంబరు ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది, పగలు రాత్రి ఎప్పుడైనా చేయవచ్చు. ఈ నంబరు మన సొసైటీ ఆఫీసు గోడ మీద రాయించడానికి పెయింటరు ఖర్చు నేను పెట్టుకుంటాను.

సొసైటీవారికి ఒక విన్నపం. మనం ప్రతి ఏటా ఇంజనీరింగుకు, నర్సింగుకు వజీఫాలు ఇస్తున్నాము. చాలా మంచిది. ఒక్క వజీఫా సైకాలజీకి పెట్టండి. మన ఊరి ఆడపిల్ల ఒకతె హైదరాబాదులో ఎం.ఏ. చదివి, ఆ పైన రిజిస్ట్రేషన్ వచ్చే కోర్సు చదివి, నంబరు తెచ్చుకుని తిరిగివస్తే, ఉర్దూలోను తెలుగులోను పరీక్ష చేయగల మనిషి ఈ తాలూకాకు దొరుకుతుంది. అయిదారేళ్ళు పడుతుంది. డబ్బు కూడా ఇంజనీరింగుకన్నా తక్కువేమీ కాదు. నా జీతంలో నుంచి నెలకు 500 ఇస్తానని సెక్రటరీ సాబ్‌కు రాసిచ్చాను. పుస్తకం బయట బల్ల మీద పెట్టారు, మిగతా పేజీలు ఖాళీగా ఉన్నవి.

ఆ పిల్లవాడి సంగతి అడుగుతారేమో. చెవికి మిషను వచ్చింది. ఏడాదిన్నర పోగొట్టుకుని తిరిగి బడికి వచ్చాడు. ఇప్పుడు తొమ్మిదో తరగతి, తరగతిలో అందరికన్నా పొడుగు. మొదటి బెంచీలో కూర్చుంటాడు. సాయంత్రం మళ్ళీ షెడ్డుకే పోతాడు, నా స్కూటరు వాడే బాగుచేస్తాడు. మొన్న బ్రేకు బిగిస్తూ, "సార్, ఆ రోజు చెక్క ముక్కలాయన నన్ను ఏం అడిగాడు? నాకు ఏమీ వినబడలేదు" అన్నాడు. నేను చెప్పాను.